ఎర్రచుక్క వెనుక ఇల్లు

పోయిన మాఘమాసంలో మా బావమరిది కూతురికి పెళ్లిచూపులంటే ఉద్దానం వెళ్లాను. విజయనగరంలో రైలెక్కి సోంపేటలో దిగి, అక్కణ్ణుంచి కవిటి వైపు ఆటోలో వెళ్లాలి. దారి పొడుగునా కొబ్బరితోటలు, మధ్యమధ్య జీడిమామిడి పూత వాసన, పనసచెట్ల మొదళ్లను పట్టుకుని వేలాడే లేత పిందెలు. ఉద్యానవనమనే మాటే జనం నోళ్లలో నలిగి ఉద్దానమయిందని పెద్దలు చెబుతారు. ఆ చెట్లనీడన వెళుతూంటే నమ్మక తప్పదు.

పెళ్లివారు విశాఖపట్నం వైపునుంచి వచ్చారు. మర్యాదస్థులు. అబ్బాయికి మంచి ఉద్యోగం. మా పిల్ల డిగ్రీలో లెక్కలు చదివి దగ్గర్లోని బడిలో పాఠాలు చెబుతూ వున్నది. ఈడూ జోడూ కుదిరింది. జాతకాలు అంతకుముందే కుదిరాయి. కొబ్బరి లౌజూ, జీడిపప్పు పకోడీలూ అయి, కాఫీ గ్లాసు కింద పెడుతూ పెళ్లికొడుకు తండ్రి, "ఏమీ అనుకోకండి, ఒక్కమాట" అంటూ జేబులోంచి సెల్‌ఫోను తీశాడు.

అద్దంమీద మన జిల్లా పటం. సముద్రపుటొడ్డున తట్టు పోసినట్లు ఎర్రచుక్కలు.

"మీ ఊరు ఇదేనాండీ? మూత్రపిండాల జబ్బువున్న ఊళ్లట. మావాడికెవరో పంపించారు."

"మా ఇంట్లో ఎవరికీ లేదండీ" అన్నాడు మా బావమరిది, ముఖం వెలవెలబోగా.

"అబ్బే, మీ ఇంటిమాట కాదండీ, ఊరిమాట" అన్నాడాయన మెత్తగా.

ఆ మెత్తదనమే చురుక్కుమన్నది. వాళ్లు వెళ్లిపోయాక, దీపాలు పెట్టేవేళ, అరుగుమీద కూర్చున్న నన్ను పిల్ల నిలదీసింది.

"మావయ్యా, ఆ చుక్క ఎవరు పెట్టేరు? పెట్టేముందు మాలో ఒక్కర్నయినా అడిగేరా?"

నేను నీళ్లు నమిలాను. నాలుగు రోజులకు అటునుంచి కబురు వచ్చింది. జాతకాలు మరొకరిచేత చూపిస్తే కుదరలేదట.

గురజాడవారి లెక్క

నేను తెలుగు మేష్టర్ని. ఎం.ఏ. తెలుగులో చేశాను. లెక్కలంటే చిన్నప్పటినుంచీ ఆమడ దూరం. పిల్ల అడిగినదానికి నా దగ్గర జవాబు లేదనుకుంటూ విజయనగరం తిరిగివచ్చాను. తీరా చూస్తే, సగం జవాబు నేను రోజూ చేతబట్టుకుని క్లాసుకు వెళ్లే పుస్తకంలోనే వున్నది!

ఎన్నో ఏళ్లుగా పిల్లలకు "కన్యాశుల్కం" చెబుతున్నాను. గిరీశం నోరు విప్పితే చాలు, క్లాసు గొల్లుమంటుంది. అయితే గురజాడ అప్పారావుగారు 1897లో మొదటి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన పీఠికను మాత్రం ఎప్పుడూ దాటేస్తూ వచ్చాను. పరీక్షలో రాదు గదా! ఈసారి ఎందుకో ఆ పేజీలు తిరగేశాను. చూస్తే అందులో అంకెలు.

ఆనందగజపతి మహారాజావారు కన్యాశుల్కాన్ని చట్టంతో మాన్పించాలని తలపెట్టి, అప్పటి విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లకు ఒక జాబితా తయారు చేయించారు. విజయనగరం అప్పుడు ఆ జిల్లాలోదే. వేరే జిల్లా అయింది 1979లో. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు లెక్కకు వచ్చాయి. ఏడాదికి సగటున 344. అయిదేళ్ల వయసులో పెళ్లయిన పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44 మంది. మూడేళ్లవాళ్లు 36 మంది. రెండేళ్లవాళ్లు 6గురు. ఏడాది పిల్లలు 3గురు. ఆ ముగ్గురికీ పలికిన వెల తలకు 350 మొదలు 400 రూపాయలు!

చదువుతూంటే నూతిలోకి ఒక్కొక్క మెట్టే దిగినట్లుంటుంది. అంకె తగ్గుతున్నకొద్దీ చీకటి పెరుగుతుంది. పటమూ లేదు, రంగూ లేదు. అయినా కళ్లకు కట్టింది. ఈ రోజుల్లో శాస్త్రజ్ఞులు డేటాను బొమ్మకట్టడం అంటున్నారే, అది ఈ పనే. కుప్పగా పడివున్న లెక్కలను మనసు ఒక్క చూపులో పట్టుకునేట్లు అమర్చడం.

ఆ పీఠికలో నాకు మరి రెండు సంగతులు కనిపించాయి. ఈ జాబితా పూర్తి కాదని అప్పారావుగారు తామే ఒప్పుకున్నారు. డబ్బు పుచ్చుకున్నామని తల్లిదండ్రులు నోటితో చెప్పుకోరు గదా! లెక్క చూపినవాడే లెక్కలోని లోటునూ చూపాడన్నమాట. రెండోది, ఆ అంకెల పక్కన ఒక్క పిల్ల పేరు లేదు. ఒక్క తండ్రి పేరు లేదు. పేర్లు నాటకంలో పెట్టారు: బుచ్చమ్మ, సుబ్బి. అవి కల్పించిన పేర్లు. నిజమైన అంకెకు పేరు లేదు. పేరున్న మనిషి నిజంగా లేదు. ఎవరి పరువూ వీధిన పడలేదు, కాని తెలుగువాళ్ల గుండె కదిలింది. 1888లో మహారాజావారు మద్రాసు శాసనమండలిలో పెట్టిన బిల్లు నెగ్గలేదు. 1892లో రంగమెక్కిన నాటకం మాత్రం నెగ్గింది.

ఉద్దానం గోడు

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పరుచుకున్న నేల ఇది. 1990ల నుంచీ ఇక్కడ డాక్టర్లు ఒక వింత గమనిస్తూ వచ్చారు. మూత్రపిండాలు చెడడానికి మామూలుగా చక్కెరజబ్బో, రక్తపుపోటో కారణమవుతుంది. ఇక్కడ ఆ రెండూ లేనివారికి కూడా చెడుతున్నాయి. తోటలో, పొలంలో ఒళ్లు వంచి పనిచేసేవారే ఎక్కువ. మొదట్లో నొప్పి వుండదు, బాధ వుండదు. ఆకలి మందగించి, కాళ్లు వాచి, ఆయాసం వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి జబ్బు బాగా ముదిరిపోయి వుంటుంది.

కారణమేమిటి? భూగర్భజలంలోని సిలికా అన్నారు. లోహాలన్నారు. పురుగుమందులన్నారు. ఎండలో చెమటోడ్చి చాలినన్ని నీళ్లు తాగకపోవడమన్నారు. నొప్పి బిళ్లలన్నారు. వంశంలోనే ఏదో వున్నదన్నారు. ఇదీ అని నేటికీ తేలలేదు. ఈ కష్టం మనకే కాదు. శ్రీలంకలో ఉత్తరమధ్య రాష్ట్రపు వరిరైతులకూ, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల్లో చెరకుతోటల కూలీలకూ ఇట్లాంటి జబ్బే పట్టుకున్నది.

జబ్బును లెక్కగట్టే పద్ధతి కష్టమైనదేమీ కాదు. మన కండరాల్లో క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం పుడుతూ వుంటుంది. మూత్రపిండాలు జల్లెడలాగా దాన్ని వడకట్టి బయటికి పంపాలి. నెత్తుట్లో అది పేరుకున్నదంటే జల్లెడ మూసుకుపోతున్నదన్నమాట. దానికి మనిషి వయసూ, ఆడా మగా తేడా కలిపి లెక్కిస్తే వడకట్టే శక్తి ఒక అంకెగా వస్తుంది. ఆ అంకె 60కి దిగువన మూడు నెలలకు పైబడి నిలిస్తే దీర్ఘవ్యాధి కింద లెక్క. మూత్రంలో మాంసకృత్తులు పోతున్నా అనుమానించవలసిందే. ఈ విధంగా చేసిన సర్వేలు 2019లోనూ, 2020లోనూ అచ్చయ్యాయి. ఉద్దానంలో పెద్దవాళ్లలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి మూత్రపిండాల్లో తేడా వున్నదని అవి చెప్పాయి.

ఐదుగురిలో ఒకరు! పెళ్లి పందిట్లో వంద విస్తళ్లు వేస్తే ఇరవై.

ఈ అంకె పైకి రాబట్టే గదా నలుగురూ పట్టించుకున్నారు. డయాలిసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయల పింఛను 2019లో వచ్చింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆస్పత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లను గొట్టాలద్వారా ఊళ్లకు తెచ్చే పథకానికీ ఆనాడే ప్రారంభోత్సవం జరిగింది. లెక్క లేకపోతే ఇవేవీ లేవు. కాబట్టి "మమ్మల్ని లెక్కపెట్టకండి" అనడం తెలివైన మాట కాదు. మా పిల్ల కూడా ఆ మాట అనలేదు. "అడిగేరా?" అన్నది, అంతే.

పంపు పిడి

చుక్కల పటానికి మూలపురుషుడు లండనులో వుండేవాడు. పేరు జాన్ స్నో, వృత్తికి డాక్టరు. 1854 ఆగస్టు చివర సోహో పేటలో కలరా విరుచుకుపడింది. పది రోజుల్లో 500 మందికి పైగా పోయారు. చెడుగాలివల్ల కలరా వస్తుందని ఆ కాలపు పండితుల మాట. కాదు, నీళ్లవల్ల వస్తుందని స్నో పట్టుదల. ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరు పోయారు, ఏ నీళ్లు తాగారు అని అడిగాడు. బ్రాడ్ స్ట్రీటు చేతిపంపు చుట్టూనే చావులు మూగివున్నాయి. ఆయన చెప్పినమీదట సెప్టెంబరు 8న ఆ పంపు పిడి ఊడదీశారు. పటం తర్వాత అచ్చయింది. చావుకొక నల్లగీత చొప్పున ఇంటిముందు దొంతిగా పేర్చి గీశాడు.

కథ ఇంతవరకూ అందరూ చెబుతారు. నాకు నచ్చింది దీని తర్వాతి భాగం. పటానికి లొంగని మనుషులను కూడా ఆయన వదిలిపెట్టలేదు. ఆ పంపు దగ్గరే వున్న సారాబట్టీలో పనివాళ్లు బతికారు, ఎందుకు? వాళ్లు పంపునీళ్ల జోలికి పోక బట్టీలోని బీరు తాగేవారట. ఎక్కడో దూరాన హాంప్‌స్టెడ్‌లో ఒక విధవరాలు కలరాతో పోయింది, ఎందుకు? ఆమె అంతకుముందు బ్రాడ్ స్ట్రీటులో వున్న మనిషి. ఆ నీళ్ల రుచి మరవలేక సీసాతో తెప్పించుకునేది. ఆ పేటలోనే హెన్రీ వైట్‌హెడ్ అని ఒక కుర్ర మతగురువు వుండేవాడు. మొదట స్నో మాట నమ్మలేదు. పేటలో ప్రతి గుమ్మం ఎరిగినవాడు కనుక, తప్పు రుజువు చేద్దామని తానే విచారించబోయి, చివరికి ఆ మాటే నిజమని తేల్చాడు. మొదట జబ్బుపడిన పసిబిడ్డ ఇల్లు, ఆ పంపు పక్కదే, ఆయన విచారణలోనే బయటపడింది.

అంటే, చుక్క పెట్టడానికి ముందు గుమ్మం ఎక్కాలి. పెట్టిన తర్వాత పిడి ఊడదీయాలి. ఈ రెండూ లేని చుక్క వట్టి మచ్చ.

మా పిల్ల లెక్కల మనిషి గదా, ఆ సెల్‌ఫోను పటాన్ని తర్వాత తానూ సంపాదించి నాకు రెండు తిరకాసులు చూపించింది. మొదటిది: జబ్బుమనిషికొక చుక్క పెడితే పెద్ద ఊరికి ఎక్కువ చుక్కలు పడతాయి, చిన్న ఊరికి తక్కువ. 5,000 మందిలో 50 మందికి జబ్బువుంటే యాభై చుక్కలు. 200 మందిలో 40 మందికి వుంటే నలభై. పటంలో మొదటి ఊరే ఎర్రగా కనిపిస్తుంది. నిజానికి రెండో ఊరు మునిగిపోతున్నది! చుక్కలు కాక, వందకు ఎందరు అన్నది చూపాలి. రెండోది ఇంకా గడుసుది. పటంలో తెల్లగా వున్న ఊళ్లు ఆరోగ్యంగా వున్న ఊళ్లని మనం అనుకుంటాం. కాకపోవచ్చు. అక్కడ ఎవరూ శిబిరం పెట్టలేదేమో!

"తెలుపంటే జబ్బు లేదని కాదు మావయ్యా, తెలీదని. ఆ పెళ్లికొడుకు వాళ్లూరు తెల్లగానే వుంది. అక్కడెవరైనా సూది గుచ్చి చూసేరా?" అన్నది.

ఆ మాటకు నవ్వొచ్చింది గాని, నవ్వులో నిజం వున్నది. పరీక్షకు చేయి చాచినవాడికి ఎర్రరంగు, చాచనివాడికి తెల్లరంగు. నిజం చెప్పినందుకు శిక్ష పడే పటం ఎవరికి కావాలి?

తవ్వినవారు, తవ్విన నేల

మా బావమరిది ఎదురింట్లో ఒక తాత వున్నాడు. ఒకప్పుడు రోజుకు వందలకొద్దీ కొబ్బరికాయలు ఒలిచిన చేతులు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం చెట్లను పడగొట్టినప్పుడు ఆయన తోట కూడా నేలమట్టమయింది. ఆయనకు ఈ జబ్బు వున్నది. సర్వేలవాళ్ల సంగతి అడిగాను.

"ఏటి సెప్పమంతారు మేష్టారూ! మొదటిపాలి వొచ్చినోలు రగతం తీసుకెల్లేరు. రెండోపాలి వొచ్చినోలు రగతమూ, నూతిలో నీలూ పట్టుకెల్లేరు. మూడోపాలి వొచ్చినోలు ఏటి తింతావు, ఏటి తాగుతావని గంటసేపు అడిగేరు. కాయితం మీద ఏలిముద్ర ఎయ్యమంతే ఏసేను. నాకేటుందో మాత్రం ఒక్కలూ సెప్పనేదు. మల్లీ రానేదు."

ఆ వచ్చినవారెవరో ఆయనకు గుర్తులేదు; నేనూ ఆరా తీయలేదు. అందరూ ఇట్లాగే చేస్తారని అనను. రిపోర్టు ఇంటికి తెచ్చి, కూర్చోబెట్టి చెప్పి, ఆస్పత్రికి దారి చూపినవారినీ ఆ ఊళ్లో తలుచుకుంటారు. కాని తాత గోడు నా మనసులో నిలిచిపోయింది.

డేటా మైనింగు అన్న మాట ఈమధ్య తరచుగా వింటున్నాం. మైనింగంటే గని తవ్వడం. విజయనగరం జిల్లావారికి గనులు కొత్త కావు. చీపురుపల్లి, గరివిడి ప్రాంతంలో మాంగనీసు తవ్వకం బ్రిటిషువారి నాటిది. రాయి రైలెక్కి వెళ్లిపోతుంది, గొయ్యి మనకు మిగులుతుంది. సమాచారం తవ్వకమూ అంతే. ఒక్కొక్కరి దగ్గర తీసుకున్నది ఇసుకరేణువంత. అన్నీ కుప్పపోసి యంత్రంతో జల్లిస్తే, మనిషి కంటికి ఆనని పోలికలు బయటపడతాయి. ఏ నీళ్లకూ ఏ జబ్బుకూ పొత్తు, ఏ మందుకూ ఏ వయసుకూ పొత్తు. మంచికి వాడితే అది వైద్యుడికి మూడో కన్ను.

కాని ఆ కుప్పల్ని ఒకదాని పక్కన ఒకటి పెడితే? మందుల దుకాణంలో బిల్లు వేసేటప్పుడు సెల్‌ఫోను నెంబరు అడుగుతారు, మనం చెబుతాం. పెళ్లిసంబంధాలవారికీ అదే నెంబరు ఇస్తాం. బీమా కాగితం మీదా అదే. మూడు జాబితాలూ ఒకరి చేతిలో పడ్డాయనుకోండి. ఏ ఇంట్లో ఏ జబ్బున్నదో, ఏ ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల వున్నదో ఒకే వరుసలో చదువుకోవచ్చు. మనం ఏ ఒక్కరికీ రహస్యం చెప్పలేదు. అయినా రహస్యం మిగలలేదు.

పేరు తీసేస్తే చాలదు

"పేర్లు తీసేశామండీ, ఇంకేం భయం?" అంటారు. ఈ ధీమా ఎంత బలహీనమైనదో అమెరికాలో ఒక విద్యార్థిని తేల్చింది. 1990ల నడుమ మాసచూసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల ఆస్పత్రి లెక్కలను పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చారు. ఎవరి గుట్టుకూ భంగం లేదని గవర్నరు విలియం వెల్డ్ భరోసా ఇచ్చాడు. లటాన్యా స్వీనీ అనే ఆ విద్యార్థిని ఇరవై డాలర్లు పెట్టి ఓటర్ల జాబితా కొన్నది. పుట్టినతేదీ, ఆడా మగా, తపాలా పిన్‌కోడు, ఈ మూడూ రెండు జాబితాల్లోనూ వున్నాయి. పక్కపక్కన పెట్టి చూసి, గవర్నరుగారి వైద్యపు కాగితాలనే బయటికి లాగింది! ఆ మూడు వివరాలతోనే అమెరికా జనాభాలో 87 శాతాన్ని గుర్తుపట్టవచ్చని 2000లో లెక్క తేల్చింది.

అంత పెద్ద దేశంలోనే అట్లా అయితే మన పల్లెల మాట చెప్పేదేముంది! మూడువందల గడపల ఊళ్లో "అరవై ఎనిమిదేళ్ల పురుషుడు, కొబ్బరి పని, డయాలిసిస్" అని రాస్తే పేరు రాయనక్కరలేదు. రచ్చబండమీద పిల్లవాడు కూడా ఇల్లు చూపిస్తాడు.

మన దేశంలో ఈ విషయం మీద కట్టుబాట్లు లేకపోలేదు. వైద్యపరిశోధనకు లోబడే మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పి, ఇష్టపూర్వకమైన సమ్మతి తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమావళి చెబుతున్నది. ఆ ఏడే ఆగస్టు 24న, జస్టిస్ పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు పార్లమెంటు చట్టం చేసింది.

మంచిదే. అయితే ఈ చట్టం వ్యక్తిని గురించి మాట్లాడుతుంది. మా పిల్ల సంగతి చూడండి. ఆమె నెత్తురు ఎవరూ తీయలేదు. ఆమె పేరు ఏ జాబితాలోనూ లేదు. ఆమె వివరమేదీ ఎవరూ దొంగిలించలేదు. అయినా నష్టపోయింది ఆమే! ఎందుకంటే చుక్క పడింది ఆమె మీద కాదు, ఊరి మీద. ఊరి పరువుకు ఏ కోర్టులో వకాల్తా వేయాలి? ఇక్కడ చట్టంకన్న ముందు నడవవలసింది మర్యాద. పటం గీసేవాడు, "దీన్ని ఎవరు చూస్తారు? చూసి ఏం చేస్తారు?" అని ఒక్కసారి ఆగి ఆలోచించుకోవడం. జబ్బు ఎక్కడుందో ఆస్పత్రివారికీ, నీళ్లు తెచ్చేవారికీ ఊరూరా తెలియాలి. ఊరివాళ్లకైతే అందరికన్న ముందు తెలియాలి. దారినపోయే ప్రతివాడికీ ఇల్లు గుర్తుపట్టేటంత దగ్గరగా తెలియనక్కరలేదు.

తాత గీత

ఉగాదికి మళ్లీ వెళ్లాను. మా పిల్ల ఎదురింటి అరుగుమీద గ్రాఫు కాగితం పరుచుకుని కూర్చున్నది. పక్కన తాత, ఆయన ఒళ్లో ప్లాస్టిక్ సంచీ. అందులో సొంతడబ్బుతో చేయించుకున్న రక్తపరీక్షల చీటీలు ఐదు. అన్నీ ఇంగ్లీషులోనే. ఇన్నేళ్లుగా డాక్టరుకు చూపించడమే గాని వాటిలో ఏముందో తాతకు తెలియదు.

పిల్ల అడుగున సంవత్సరాలు వేసింది. పక్కన క్రియాటినిన్ అంకెలు వేసింది. 2019లో 1.3. 2020లో 1.4. 2022లో 1.9. 2023లో 2.1. 2025లో 2.7. ఐదు చుక్కలు పెట్టి గీత కలిపింది. గీత కొంతదూరం సాపుగా నడిచి, తర్వాత మెట్టెక్కినట్లు లేచింది.

"తాతా, ఇది నీ గీత. పైకెక్కితే మంచిది కాదు. ఇలా సాపుగా నడిస్తే నయం" అన్నది.

తాత చాలాసేపు చూశాడు. మోటువేలు ఒకటి, గీత లేచినచోట ఆనించాడు.

"ఇదెప్పుడమ్మా?"

"2020కి, 2022కి మధ్యన."

"అప్పుడే గదేటి, మోకాల్ల నొప్పులని దుకానంలో బిల్లలు కొనుక్కుని రోజూ మింగడం మొదలెట్టేను."

పిల్లా, నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. గంటసేపు ప్రశ్నలడిగినవారికి ఈ సంగతి దొరికిందో లేదో! గీత ఆయనదని చూపించేసరికి ఆయనే చెప్పాడు. "బిళ్లలవల్లే అని నేననలేను తాతా. డాక్టరుగారికీ మాట చెప్పాలి" అని పిల్ల జాగ్రత్తపడింది. మర్నాడు మనవడు ఆయన్ను పలాస తీసుకువెళ్లాడు. నొప్పి బిళ్లలు వెంటనే మానమని డాక్టరు చెప్పాడట. మూత్రపిండాలు బలహీనపడ్డవారికి ఆ బిళ్లలు హానిచేస్తాయన్నది వైద్యులందరూ చెప్పేమాటే. గీత కిందికి దిగుతుందని నేననను. సాపుగా నడిస్తే చాలు.

ఆ కాగితం ఇప్పుడు తాత ఇంట్లో దేవుడి పటాల పక్కన గోడకు అంటించి వున్నది. లెక్క తన సొంతదారు దగ్గరికి తిరిగివచ్చింది.

ఇదంతా పత్రికకు రాస్తానని తాతను అడిగాను. కాసేపు ఆలోచించి, "రాయండి మేష్టారూ, నలుగురికీ తెలుత్తాది. నా పేరు మాత్తరం ఎయ్యకండి. ఊరి పేరూ వొద్దు, ఆడపిల్లలున్న ఊరు" అన్నాడు. అందుకే వేయలేదు. ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవని ఆ తాత, పేరు తీసేస్తే చాలదన్న సంగతి ఎంత తేలిగ్గా చెప్పాడో చూడండి!

మా పిల్లకు మరో సంబంధం చూస్తున్నారు. వాళ్లు వచ్చే ఆదివారం వస్తారట. "ఈసారి ఆ పటం మాట ఎత్తకుండా వుంటే బాగుండును బావా" అని మా బావమరిది నా దగ్గర నిట్టూర్చాడు. లోపలినుంచి కాఫీ తెస్తున్న పిల్ల ఆ మాట విన్నది.

"వాళ్లెత్తడమెందుకు నాన్నా? నేనే చూపిస్తాను. ఎర్రచుక్కంటే ఏమిటో, తెలుపంటే ఏమిటో చెబుతాను. విని అర్థం చేసుకుంటే కూర్చుంటారు. లేకపోతే కాఫీ తాగి వెళతారు."

గ్లాసు నా చేతికిచ్చి నవ్వింది. చాలాకాలానికి ఆ ఇంట్లో నవ్వు విన్నాను.